పై బెర్తు వేడి, పక్క తలుపు దుమ్ము: థార్ ఎడారిలో రైలు రాత్రి

మే నెలలో సాయంత్రం ఏడు గంటలకు దూరం నుంచి థార్ ఎడారికి పోయే రైల్లో స్లీపర్ బోగీ ఎక్కి, పై బెర్తు మీద పడుకుని, చెయ్యెత్తి పైకప్పు తాకి చూడండి. పొయ్యి మీంచి దించి పక్కన పెట్టిన పెనంలా వెచ్చగా ఉంటుంది. అదే బోగీలో తెల్లవారుజామున నాలుగింటికి కింది బెర్తు వాళ్లు పల్చటి దుప్పటి ఏదైనా ఉందా అని సంచి తడుముకుంటారు. రైలు ఒకటే, రాత్రి ఒకటే. మధ్యలో తొమ్మిది గంటలు గడిచాయి, అంతే.

ఎడారిలో రైలు ప్రయాణం అనగానే వేడి, ఇసుక అనే రెండు మాటలతో సరిపెట్టేస్తారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి. వేడికి వేళలున్నాయి. ఇసుక వేరు, దుమ్ము వేరు. రైల్లో నీళ్లు అయిపోవడానికి ఎడారి కారణం కాదు. రైలు ఆలస్యం కావడానికి కూడా చాలాసార్లు ఎడారి కారణం కాదు. వీటిని విడదీసి చూస్తే ఏ నెలలో వెళ్లాలి, ఏ తరగతి తీసుకోవాలి, ఏ నంబరు బెర్తు అడగాలి అన్నవి వాటంతటవే తేలిపోతాయి.

ఏ దారి

మన దేశంలో ఎడారిని నేరుగా చీల్చుకుంటూ పోయే దారి జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు వెళ్లేది. సుమారు 300 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. ఓసియాన్, ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోకరణ్ దారిలో వస్తాయి. జోధ్‌పూర్ సంస్థానం రోజుల్లో, 1939 నాటికి, పట్టాలు పోకరణ్ దాకా వచ్చి ఆగిపోయాయి. జైసల్మేర్ చేరింది 1968లో, అంటే 1965 యుద్ధం అయ్యాకే. పోకరణ్ ఒకప్పుడు చివరి స్టేషన్ కావడం వల్ల కొన్ని రైళ్లు అక్కడికొచ్చాక ఇంజన్‌ను రెండో కొసకు తగిలించుకుని వెనక్కి బయలుదేరి పడమటికి తిరుగుతాయి. పగటి రైల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. అప్పటిదాకా ఎండ పడిన కిటికీ నీడలోకి పోతుంది, నీడ చూసి కూర్చున్నవాళ్లకు ఎండ తగులుతుంది.

రెండో దారి లూణీ జంక్షన్ నుంచి బాడ్‌మేర్ మీదుగా సరిహద్దులోని మునాబావ్ వరకు. దేశ విభజనకు ముందు ఈ పట్టాల మీద రైళ్లు హైదరాబాద్ దాకా పోయేవి. మన హైదరాబాద్ కాదు, సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్. 1965 యుద్ధంతో తెగిపోయిన ఆ బంధం 2006లో థార్ ఎక్స్‌ప్రెస్‌గా మళ్లీ కలిసి, 2019 ఆగస్టులో మళ్లీ ఆగింది.

తెలుగువాళ్లకు ఇప్పుడు కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీకి రోజూ నేరుగా రైలుంది. 2025 జులైలో మొదలైంది. నిజామాబాద్, నాందేడ్, అకోలా, భోపాల్, ఉజ్జయిని, అజ్మీర్ మీదుగా రెండు రాత్రుల ప్రయాణం. పేరు చూసి తికమక పడకండి. భగత్ కీ కోఠీ జోధ్‌పూర్ ఊళ్లోనిదే, కానీ జోధ్‌పూర్ జంక్షన్ కాదు. రెండింటి మధ్య మూడు నాలుగు కిలోమీటర్లుంటుంది. జైసల్మేర్ రైలు ఏ స్టేషన్ నుంచి బయలుదేరుతుందో టికెట్ మీద చూసుకుని, మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు ఉంచుకోవాలి. రెండు టికెట్ల మీద పేర్లు, వయసులు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటే రెండు పీఎన్‌ఆర్‌లను ఐఆర్‌సీటీసీలో లింకు చేసుకోవచ్చు. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి రద్దు చార్జీలు కోయకుండా డబ్బు తిరిగొస్తుంది. 2019 నుంచి ఈ వీలుంది, వాడుకునేవాళ్లే తక్కువ. రెండు స్టేషన్లు వేరైనప్పుడు లింకు పడిందో లేదో టికెట్ కొన్న రోజే చూసుకోవడం మేలు.

వేడికి వేళలు

ఫలోదీ పేరు వాతావరణ రికార్డుల్లో ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. ఆ ఊరి మీదుగానే ఈ రైలు వెళుతుంది. అయితే రాత్రి రైల్లో పడుకునేవాళ్లను ఇబ్బంది పెట్టేది పగటి గరిష్ఠం కాదు, పగలంతా బోగీ తాగిన వేడి. పైకప్పు రేకుకూ లోపలి తాపడానికీ మధ్య ఆ వేడి నిలిచి ఉంటుంది. ఆకాశంలో మబ్బు లేక, గాలిలో తేమ లేక, చీకటి పడగానే నేల తన వేడిని గబగబా వదిలేస్తుంది. బోగీ మాత్రం ఆలస్యంగా వదులుతుంది. అందుకే రాత్రి పదకొండు దాకా పై బెర్తు భరించడం కష్టం, అర్ధరాత్రి దాటితే ఫరవాలేదు, మూడింటి తర్వాత హాయి. రైలు ఆగితే వేడి పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది.

విజయవాడ 42 డిగ్రీలకూ జైసల్మేర్ 42 డిగ్రీలకూ పోలిక లేదు. మన కోస్తాలో చెమట ఒంటికి అంటుకుని చిరాకు పుట్టిస్తుంది, నీళ్లు తాగమని గుర్తు చేస్తుంది. ఎడారి గాలిలో చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది, దాహం వేయదు, నాలుగు గంటల తర్వాత తలనొప్పి మొదలవుతుంది. మన వేసవులకు అలవాటు పడిన ఒళ్లే ఇక్కడ మోసపోతుంది. చెమట పట్టడం లేదు కదా అనుకుంటాం, నిజానికి పడుతూనే ఉంటుంది. వేసవిలో పగటిపూట స్లీపర్ బోగీలో ఉంటే పెద్దవాళ్లు ఒక్కొక్కరు నాలుగైదు లీటర్లు తాగాలి, అదీ గుక్కెడు గుక్కెడుగా, గడియారం చూసి. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి వేరుగా ఉంచుకోండి, టీ చెంచా కొలతతో. మూత్రం ముదురు రంగులోకి మారితే నీళ్లు చాల్లేదని అర్థం.

ఈ పొడి గాలిలోనే ఉపాయం కూడా ఉంది. తుండుగుడ్డ తడిపి పిండి, కిటికీ పక్కన కట్టితే మే నెలలో అది చిన్న కూలర్‌లా పనిచేస్తుంది. జులై, ఆగస్టుల్లో తేమ పెరుగుతుంది కాబట్టి అదే తుండు ఉక్కపోత తప్ప ఇంకేమీ ఇవ్వదు.

చలికాలం లెక్క తలకిందులు. జనవరిలో జైసల్మేర్ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది, దానికి రైలు వేగం వల్ల వచ్చే గాలి తోడవుతుంది. స్లీపర్ కిటికీ ఎంత బిగించినా అంచుల్లోంచి సన్నటి గాలి కింది బెర్తులో పడుకున్నవాళ్ల నడుముకు తగులుతుంది. అప్పుడు పై బెర్తే సుఖం. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరని తెలిసినా, రాజస్థాన్ అంటే ఎండే కదా అని పల్చటి దుప్పటితో వచ్చి రాత్రంతా మేలుకునేవాళ్లు ప్రతి డిసెంబరులోనూ కనిపిస్తారు. రగ్గు, మంకీ క్యాప్, సాక్సులు తప్పనిసరి. కిటికీ అంచుల్లో పాత వార్తాపత్రిక మడిచి దూర్చితే గాలి చాలావరకు ఆగుతుంది.

ఇసుక పట్టాలకు, దుమ్ము మనుషులకు

ఎడారి ఇసుక రేణువు మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. గాలి గంటకు ఇరవై కిలోమీటర్లు దాటిందంటే అవి నేల మీద గెంతడం మొదలుపెడతాయి. ఎక్కువ భాగం మోకాలి ఎత్తు దాటవు. బోగీ కిటికీ దాకా రావు. కానీ పట్టాలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉన్నాయి. పట్టాకు తగిలిన గాలి దాని వెనక సుడి తిరిగి వేగం పోగొట్టుకుంటుంది, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించేస్తుంది. గట్టు మీద పోయే లైనును గాలి కొంతవరకు ఊడ్చుకుపోతుంది, గుట్టను తొలిచి వేసిన లైను మాత్రం గుంతలా నిండిపోతుంది. రైలు లైను పక్కన పారలతో కనిపించే గ్యాంగులు మార్చి నుంచి జులై దాకా చేసే పనుల్లో పెద్దది ఇదే.

దుమ్ము కథ వేరు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నా సన్నటి ఈ పొడి ఒకసారి లేస్తే గాలిలోనే తేలుతుంది, వందల మీటర్ల ఎత్తుకు పోతుంది. అక్కడివాళ్లు ఆంధీ అని పిలిచే మే, జూన్ గాలిదుమారంలో ఆకాశాన్ని పసుపు చేసేది ఇదే. ముక్కులోకి, కళ్లలోకి, సంచి జిప్పులోకి దూరేది కూడా ఇదే. దుమారం లేని రోజు కూడా రైలే తన వేగంతో దుమ్ము లేపుకుంటుంది, అది వెనక బోగీల్లో ఎక్కువ పడుతుంది.

ఈ తేడా తెలిస్తే కిటికీ ఎలా మూయాలో తెలుస్తుంది. స్లీపర్ కిటికీకి రెండు తలుపులుంటాయి, ఒకటి అద్దం, ఒకటి సన్నటి చీలికలున్న రేకు షట్టర్. దుమారం కనిపించగానే చాలామంది అలవాటుగా రేకు షట్టర్ దించుతారు. అది ఎండను ఆపుతుంది, దుమ్మును చీలికల్లోంచి వడపోసినట్టు లోపలికి పంపుతుంది. దించాల్సింది అద్దం. గాలి వచ్చే వైపు అద్దాలన్నీ దించి, రెండో వైపు ఒకటి రెండు కిటికీలు సగం తెరిచి ఉంచితే ఊపిరాడుతుంది. వేసవిలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, కాబట్టి పడమటికి వెళ్లే రైల్లో ఎడమ వైపు మూయాలి. తడిపిన రుమాలు ముక్కుకు కట్టుకుంటే పొడి రుమాలు కంటే బాగా ఆపుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌ను పెద్ద సంచిలో పెట్టి బెర్తు కిందికి తోయకూడదు, జేబులోనే ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు ఇంటి దగ్గరే వదిలి కళ్లద్దాలు తెచ్చుకోవడం మంచిది. బెర్తు కింద పెట్టే సంచికి పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగితే తెల్లారి దులుపుకునే పని ఉండదు.

ఇసుకను పట్టాల దాకా రానివ్వకుండా ఆపే పని మీద జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, అక్కడివాళ్ల మాటలో కాజ్రీ, ఏళ్ల తరబడి కృషి చేసింది. పద్ధతి చూడ్డానికి తేలిక. వానలకు ముందే దిబ్బ మీద ఎండు కంపను గాలికి అడ్డంగా వరుసలుగానో, ఐదు మీటర్ల గళ్లుగానో పాతుతారు. గెంతే ఇసుక మోకాలి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఆ పొట్టి కంచె చాలు. తొలి వాన పడగానే ఆ గళ్లలో ఫోగ్, ఇజ్రాయెలీ తుమ్మ లాంటి మొక్కలు నాటి, సేవణ్ గడ్డి విత్తనాలు చల్లుతారు. వేళ్లు దిగేదాకా పశువులను రానివ్వకూడదు. రెండు మూడేళ్లు ఆ కాపలా సరిగ్గా సాగకపోతే దిబ్బ మళ్లీ కదులుతుంది.

పొలాల్లో ఒంటరిగా, కొమ్మలు నరికిన గుబురు తలతో కనిపించే చెట్టును మాత్రం తెలుగువాళ్లు వెంటనే గుర్తుపట్టాలి. అక్కడ ఖేజ్‌డీ అంటారు, అది మన జమ్మి. దసరా రోజు మనం ఆకులు పంచుకునే చెట్టే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఇదొక్కటే. జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లను నరకనివ్వకుండా కౌగిలించుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. జైసల్మేర్‌లో భోజనానికి కూర్చుంటే వచ్చే కేర్ సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే జమ్మి కాయలే.

బెర్తు నంబరు

కొత్త ఎల్‌హెచ్‌బీ స్లీపర్ బోగీలో 80 బెర్తులు, పాత బోగీలో 72. రెండింటిలోనూ ఎనిమిది బెర్తులకు ఒక గది. నంబరును ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఒకటి లేదా నాలుగైతే కింది బెర్తు, రెండు లేదా ఐదైతే మధ్యది, మూడు లేదా ఆరైతే పైది. ఏడు మిగిలితే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్.

ఎడారి రైల్లో దీనికి ఇంకో లెక్క కలుస్తుంది. దుమ్ము ఎక్కువగా వచ్చేది కిటికీల్లోంచి కాదు, తెరిచి వదిలేసిన తలుపుల్లోంచి. కాబట్టి రెండు చివరలా ఉన్న గదులు, అంటే 80 బెర్తుల బోగీలో 1 నుంచి 8, 73 నుంచి 80, అన్నిటికంటే మురికి. మధ్య గదులు, 33 నుంచి 48 దాకా, శుభ్రం. పైగా చక్రాల మీదుండవు కాబట్టి కుదుపూ తక్కువే. బుక్ చేసేటప్పుడు నంబరు కోరుకునే వీలు లేకపోయినా, సీటు మార్చుకుందామా అని ఎవరైనా అడిగినప్పుడు ఏ వైపు మారాలో తెలిసి ఉండాలి. పగటి రైల్లో ఎడారి చూడాలనుకుంటే సైడ్ లోయర్‌కు సాటి లేదు. రాత్రి మాత్రం నడవలో తిరిగేవాళ్ల దుమ్మంతా దాని మీదే. మధ్య బెర్తును రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకానే ఎత్తి తగిలించి ఉంచాలన్నది నియమం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పిల్లలతో, పెద్దవాళ్లతో వెళితే థర్డ్ ఏసీకి డబ్బు పెట్టడమే సరైన పని. అయితే 45 డిగ్రీల ఎండలో ఏసీ యంత్రానికీ కష్టమే. దాని జాలీలు దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గుతుంది. చల్లదనం తగ్గితే మొదట బోగీ తలుపులు మూసి ఉన్నాయో లేదో చూడండి, తర్వాత ఏసీ మెకానిక్‌కు చెప్పండి, ఆ తర్వాత రైల్వే హెల్ప్‌లైన్ 139కి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రగ్గు ఉన్నవాళ్లకు స్లీపర్ హాయిగా సరిపోతుంది.

నీళ్లు, తిండి

బోగీ ట్యాంకుల్లో పట్టేది వెయ్యి లీటర్లకు పైన, రెండు వేల లీటర్ల లోపు. ఎనభై మంది తలా పదిహేను లీటర్లు వాడితే పన్నెండు వందలు. అంటే రాత్రి చేతులు కడుక్కుని, పొద్దున్నే మొహాలు కడిగి, మరుగుదొడ్డికి పోయేసరికి అడుగంటుతుంది. రైలు బోగీలకు నీళ్లు పట్టేది పెద్ద స్టేషన్లలోనే. జోధ్‌పూర్ తర్వాత ఆ ఏర్పాటుకు జైసల్మేర్ దాకా ఆగాల్సిందే అనుకుని బయలుదేరండి. పళ్లు తోముకోవడం లాంటివి తెల్లారక ముందే ముగించుకోవాలి, ఖాళీ సీసాలో లీటరు నీళ్లు వేరుగా పట్టి ఉంచుకోవాలి.

తిండి దగ్గర మన అలవాటు ఒకటి ఇక్కడ చేటు చేస్తుంది. రైలంటే పెరుగన్నం కట్టుకుంటాం. నలభై డిగ్రీల బోగీలో అది కొన్ని గంటల్లోనే పులిసి పాడవుతుంది. చింతపండు పులిహోర అయితే అన్నం పూర్తిగా చల్లారాక కలిపి, నూనె కాస్త ఎక్కువ వేస్తే పొద్దున చేసింది రాత్రికి నిలుస్తుంది. కాచిగూడ నుంచి రెండు రాత్రుల ప్రయాణానికి మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు కడక్ జొన్న రొట్టెలు, కారప్పొడి, సున్నుండలు సరిపోతాయి. జోధ్‌పూర్ మిర్చీ వడ, ఉల్లిపాయ కచోరీ తప్పకుండా తినాల్సినవే. కానీ రాత్రి రైలు ఎక్కే ముందు తింటే కారం, ఉప్పు, నూనె కలిసి అర్ధరాత్రి దాహం పుట్టిస్తాయి. వాటిని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

ఎందుకు ఆగింది?

చీకట్లో పేరు తెలియని చోట రైలు ఆగిపోతే ఇసుకతుపాను అనుకోనక్కర్లేదు. జోధ్‌పూర్ జైసల్మేర్ మధ్య ఎక్కువ భాగం ఒంటి లైను. ఎదురు రైలు వచ్చేదాకా చిన్న స్టేషన్లలో ఆగాలి, ఒకటి ఆలస్యమైతే దానితో క్రాసింగ్ ఉన్నవన్నీ ఆలస్యం. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వైపు నుంచి వచ్చే రైళ్లు గంటల తరబడి వెనకబడేది ఎడారి వల్ల కాదు, ఉత్తరాది మైదానాల పొగమంచు వల్ల.

ఇసుక వల్లే ఆగేది ఎక్కువగా పాయింట్ల దగ్గర. లైను మారే చోట కదిలే పట్టాకూ స్థిరమైన పట్టాకూ మధ్య గుప్పెడు ఇసుక చేరినా అవి పూర్తిగా అతుక్కోవు. అతుక్కోకపోతే సిగ్నల్ రాదు. ఎవరో నడిచి వెళ్లి చీపురుతో ఊడ్చాలి.

వేసవి మధ్యాహ్నాల్లో ఇంకో కారణం ఉంది. ఉక్కు పట్టా కిలోమీటరు పొడవుకు ఒక డిగ్రీ వేడికి పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లు సాగాలని చూస్తుంది. చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ పట్టా వేడిలో అరవై డిగ్రీల తేడా ఉంటే, కిలోమీటరుకు దాదాపు డెబ్భై సెంటీమీటర్లు. అతుకులు లేకుండా వెల్డింగ్ చేసిన పట్టాకు సాగడానికి చోటు లేదు, ఆ ఒత్తిడినంతా కంకరే పట్టి ఆపాలి. కంకరలో ఇసుక నిండితే ఆ పట్టు చెడుతుంది, పట్టా పక్కకు వంగే ప్రమాదముంది. అందుకే పట్టాను బిగించిననాటి ఉష్ణోగ్రత కంటే ఇరవై డిగ్రీలు పెరిగితే గస్తీ మొదలవుతుంది. నలభై ఐదు డిగ్రీల ఎండలో పట్టాల వెంబడి కాలినడకన పోయే మనిషి ఏసీ కిటికీలోంచి కనిపిస్తే, మీ రైలు సాగుతున్నది అతని చూపు మీదే అని గుర్తించండి.

ఇక వానాకాలం. ఏడాదికి ఇరవై సెంటీమీటర్లైనా సరిగ్గా పడని చోట వరదేమిటి అనిపిస్తుంది. కానీ ఇసుక గట్టుకు పట్టుండదు. ఒక్క పెద్ద వాన చాలు, కంకర కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడతాయి. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్ ప్రాంతం అలాగే మునిగింది. ఆగస్టు, సెప్టెంబరులో రామ్‌దేవ్‌రా జాతర కూడా ఉంటుంది. భాద్రపద శుక్ల పక్షంలో అక్కడి జానపద దైవం బాబా రామ్‌దేవ్ భక్తులు లక్షల మంది ఈ రైళ్లలోనే వస్తారు. ఆ పది రోజులు స్లీపర్ బోగీలో నడవడానికి కూడా చోటుండదు. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి తిథి చూసుకుని తేదీ ఎంచుకోండి.

నన్నడిగితే నవంబరు రెండో సగం, ఫిబ్రవరి మొదటి సగం మంచివి. పగటి రైలు దొరికితే ఇంకా మంచిది. ఫలోదీలో దిగితే దగ్గర్లోనే ఖీచన్ ఉంది. కుర్జా అని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే వలస కొంగలు సెప్టెంబరు నుంచి మార్చి దాకా వేలల్లో వచ్చి వాలతాయి, ఊరివాళ్లు గింజలు చల్లి మేపుతారు. రాత్రి రైల్లో అది కిటికీ బయట చీకట్లో దాటిపోతుంది.

జైసల్మేర్ చివరి స్టేషన్ కాబట్టి అలారం మోగకపోయినా ఊరు తప్పిపోదు. జాగ్రత్త పడాల్సింది తిరుగు రైలుకు. పొద్దున వచ్చిన బోగీలు పగలంతా యార్డులో, తలుపులు మూసి, ఎండలో నిలబడి ఉంటాయి. వేసవిలో సాయంత్రం అవి ప్లాట్‌ఫారం మీదికి వచ్చినప్పుడు లోపల బయటికంటే వేడిగా ఉంటుంది. బండి పెట్టగానే ఎక్కి, సామాను దించే ముందే రెండు వైపులా కిటికీలన్నీ తెరిచి, బెర్తు రెగ్జిన్‌ను తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మళ్లీ దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడండి. బయలుదేరడానికి ఐదు నిమిషాల ముందు ఎక్కితే చాలు.